పసుపు పంచె మీద అడుగులు

మిర్యాలగూడలో మూడు రోజులుగా వాన. బడికి సెలవిచ్చారు గానీ బడి మాత్రం పిల్లల్ని వదల్లేదు. ఫోనులోంచి దూరి ఇంట్లోకే వచ్చింది. వానరోజుల్లో ఇంట్లో చేసుకునే తేలికైన సైన్సు ప్రయోగాలంటూ టీచరమ్మ పంపిన పట్టిక పట్టుకుని మా మనవరాలు నా దగ్గరికి వచ్చింది. ఇంట్లో ఇంతమంది ఉండగా నా దగ్గరికే ఎందుకంటే, ఈ ఇంట్లో వాడకంలో లేని వస్తువును నేనొక్కణ్నే. ఉద్యోగమంతా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ని. సైన్సులో నాకు సెన్సు లేదని మా సారు పదో తరగతిలోనే తేల్చేశారు. సున్నం గురించి నాకు ఎంత తెలిసినా పరీక్షలో వచ్చినవి సున్నలే.

"తాతా, పసుపు పూసిన కాయితం మీద సున్నం తేట పొయ్యాలంట. ఏమయితదో రాసుకరావాలంట."

"ఎర్రగయితది" అన్నాను, పేపరులోంచి తల ఎత్తకుండానే.

"నువ్వు చేసినవా?"

చేశాను. ఆ ఒక్కటీ మీ నాన్న వచ్చాక చేసుకొమ్మని చెప్పి, నీళ్లపళ్లెంలో కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లించే ప్రయోగం పెట్టించాను. ఎందుకని అడిగింది. చెప్పలేదు. ఆ పిల్లకు చెప్పనిది ఇక్కడ చెబుతాను.

అప్పుడు నాకు తొమ్మిదో, పదో. మా ఊరు మోతె నుంచి లోపలికి, వాగు దాటితే వస్తుంది. వాగు దాటనిస్తే. ఆ యేడు ముసురు పట్టి వారమైనా విడవలేదు. రేగడి బురదలో గొర్రెల గిట్టలు చెడతాయని నాన్న మందను తోలుకుని వాడపల్లి దిక్కు పోయాడు. ఇంట్లో నాన్నమ్మ, అమ్మ, నేను, ఐదేళ్ల మా చెల్లె. మాకు తోడు మా చిన్నమ్మ. అమ్మకు చెల్లెలు, కోదాడలో ఉంటూ టీచరు ట్రైనింగు చదువుతుండేది. రెండు రోజులుండి పోదామని వచ్చి, వాగు పొంగడంతో మా ఇంట్లో చిక్కుకుంది. బయట ముసురు, లోపల నాన్నమ్మ కసురు. మధ్యలో చిన్నమ్మ.

ఆ ముసురులోనే చెల్లెకు ఒళ్లంతా ఎర్రగా పొక్కింది. తట్టు. మా దగ్గర ఆ మాట పైకి అనరు, అమ్మవారు ఒంటి మీదికి వచ్చినట్టు, అమ్మ వోసిందంటారు. నాన్నమ్మ వేపమండలు తెచ్చి వాకిలికి కట్టింది.

"ఇంట్ల తాలింపు పెట్టొద్దు. నూనె మరగొద్దు. పిల్లను గడప దాటియ్యొద్దు. అమ్మ తనంతల తనే వచ్చింది, తనంతల తనే పోతది."

తాలింపు లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఇప్పటి పిల్లలకు తెలియదు. వంట వాసనే రాదు. జొన్నగట్క, చప్పటి మజ్జిగ. తడిసిన గొంగడి వాసన, పిడకల పొగ, వడలిన వేపాకు. ఎవరో పోయిన ఇంట్లో ఉన్నట్టే ఉండేది. నేను మాత్రం పక్కింటి కాక వాళ్ల పొయ్యి దగ్గర కూచుని కాల్చిన మక్కకంకులు తిని, మూతి తుడుచుకుని, భక్తిగా ఇంటికి వచ్చేవాణ్ని.

మా ఇంట్లో ఇంకో ఆనవాయితీ ఉండేది. చుట్టుపక్కల ఇంకెవరి ఇంట్లోనూ నేను చూడలేదు. అమ్మ వోసినప్పుడు తాత పాత పంచెను పసుపు నీళ్లలో ముంచి, పిల్ల మంచం దగ్గర నుంచి గడప మీదుగా అరుగు అంచుదాకా పరిచేవారు. అమ్మ దిగి వెళ్లిపోయేటప్పుడు ఆమె పాదాలకు నేల తగలకూడదు. పొద్దున, సాయంత్రం దాని మీద మళ్లీ పసుపు నీళ్లు చల్లేవారు. దాని మీద అమ్మ తప్ప మరొకరు కాలు పెట్టొద్దు. మేమంతా గోడవారగా, ఒక పక్కకు ఒదిగి నడిచేవాళ్లం. పట్టపగలే బుడ్డి వెలిగించుకునే ఆ మసక చీకట్లో ఇంట్లో మరేదీ సరిగ్గా కనిపించేది కాదు, ఆ పసుపు పంచె తప్ప. మంచం కింద ఉన్నదేదో నాలుక చాచి వాకిట్లోకి పెట్టినట్టుండేది.

నేను భయపడుతున్నానని చిన్నమ్మ కనిపెట్టింది. "రారా, సైన్సు చేద్దాం" అని అరుగు మీద కూచోబెట్టింది.

మొదటిది ఉల్లిగడ్డ రసం. దాంతో కాయితం మీద రాస్తే ఏమీ కనపడదు. బుడ్డి మంట మీద చూపిస్తే గోధుమరంగులో అక్షరాలు పైకి తేలతాయి. నేను 'నాన్నమ్మ గురక పెడతది' అని రాశాను. ఆమెకు చదువు రాదన్న ధైర్యం. కానీ తెల్లకాయితం మీద అక్షరాలు ఒకటొకటే లేచి రావడం ఆమె తలుపు పక్కన నిలబడి చూసింది.

"రాయకుంటనే రాతలొస్తున్నయేంది పిల్లా?"

"ముందే రాశాం అత్తమ్మా. వేడికి బయటపడింది, అంతే."

"ముందే రాసిపెట్టినయి వేడి జేసి బయటికి తియ్యకు. పిల్ల మంచంల ఉన్నది."

చిన్నమ్మ నవ్వబోయి ఆగిపోయింది. ఆ కాయితాన్ని నేను పొయ్యిలో వేశాను. గురక సంగతి బయటపడుతుందని కాదు.

రెండోది సున్నం. గోడలకు వేసే సున్నం కుండలో నానుతుండేది. పైన తేరిన నీటిని చిన్నమ్మ మెల్లగా ఒక వెడల్పు మూకుట్లోకి వంచింది. అద్దంలా ఉంది తేట. బొప్పాయి ఆకు కాడను గొట్టంలా పట్టుకుని అందులోకి ఊదమంది. ఊదగా ఊదగా తేట పాలలా తెల్లబడింది. మన ఊపిరిలోని గాలి తగిలితే సున్నం అట్లా అవుతుందని చెప్పింది. చెల్లె కూడా ఊదుతానని మారాం చేస్తే, గ్లాసులో తేట తీసుకుపోయి మంచం మీదనే ఊదించింది. చెల్లె ఊది, తెల్లబడిన నీళ్లు చూసి, జ్వరం కళ్లతోనే నవ్వింది. "అన్నా, నా కడుపుల పాలున్నయే!"

పసుపుకు సున్నం తగిలితే ఎరుపు వస్తుందని కూడా ఆ రోజే చూపించింది. అది నాకు వింతేమీ కాదు. నాన్నమ్మ రోజూ ఆ రెండూ కలిపి ఎర్రనీళ్లు చేసి చెల్లె చుట్టూ తిప్పి పారబోసేది. పిల్లలోని చెడు దిగి నీళ్లు ఎర్రబడ్డాయని ఆమె లెక్క. పసుపు గుణమే అంతని చిన్నమ్మ లెక్క. ఒకరిది దిష్టి, ఒకరిది దృష్టి. నాకు రెండూ తగిలాయి.

మూడో రోజు పొద్దున చెల్లె మళ్లీ గ్లాసు అడిగింది. లేచి కూచోలేకపోయింది. చిన్నమ్మ తల ఎత్తి పట్టుకుంటే కాడ నోట్లో పెట్టుకుని ఊదింది. మూడు బుడగలు వచ్చాయి. ఆగింది. తేట తేటగానే ఉంది. చిన్నమ్మ గ్లాసు పక్కన పెట్టి చెల్లె అంగీ పైకెత్తి చూసింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది.

"అక్కా, దీనికి ఊపిరి ఆడట్లేదు. సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్దాం, ఇప్పుడే."

అమ్మ నాన్నమ్మ వైపు చూసింది. నాన్న లేని ఇంట్లో మాట నాన్నమ్మదే. బండి కట్టవలసింది పక్కింటి కాక. నాన్నమ్మ నోటి మాట లేకుండా ఆయన ఎద్దు మెడ మీద కాడి కూడా పెట్టడు.

"అమ్మ ఒంటి మీద ఉండంగ గడప దాటిస్తరా ఎవలన్నా? ఉరిమి సూస్తది" అంది నాన్నమ్మ.

"దాటించకపోతే పిల్ల దక్కదు అత్తమ్మా!"

"నోరు మంచిగ రానియ్యి పిల్లా. నా కడుపులకెల్లి నలుగురు వోయిండ్రు. దక్కుడు దక్కకపోవుడు నాకు జెప్తవా?"

చిన్నమ్మ ఆమె కాళ్ల దగ్గర కూచుంది. ఏం మాట్లాడిందో నాకు వినబడలేదు, వాన చప్పుడు. చాలాసేపటికి నాన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరె. ముడుపు గడ్త. అమ్మ సెలవిస్తే తీస్కపోండ్రి. ఏ పిలగా, బండి గట్టుమని చెప్పు మీ కాకకు."

అమ్మ, చిన్నమ్మ బట్టలు సర్దడానికి లోపలికి పోయారు. నాన్నమ్మ దేవుని అర్రలోకి పోయింది. నేను కాక ఇంటికి పరుగెత్తి చెప్పి, పరుగెత్తే వచ్చాను. పరుగులో చూసుకోకుండా అరుగు మీది మూకుట్లో కాలు వేశాను. తేట రెండు కాళ్ల మీదా చిందింది. అదే సమయానికి లోపల నుంచి చెల్లె "నీళ్లు" అంది. చాలా సన్నగా. మళ్లీ అంటుందో లేదో అన్నట్టుగా. నేను పక్కకు ఒదిగి పోవాలన్న సంగతి మరిచి తిన్నగా పోయాను. నీళ్లు తాగించాక గుర్తొచ్చి, వచ్చేటప్పుడు మాత్రం బుద్ధిగా గోడవారన వచ్చాను.

దేవుని అర్రలో నుంచి వచ్చిన నాన్నమ్మ గడప దగ్గర ఆగిపోయింది. ఆమె చేతిలో బుడ్డి ఉంది. పసుపు పంచె మీద, అరుగు నుంచి మంచం దాకా, నెత్తుటి రంగులో అడుగులు. అన్నీ లోపలికే. ఒక్కటీ బయటికి లేదు.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"అమ్మ వోలే. ఇంక లోపటికే వచ్చింది. బండి ఇప్పమను."

నేను గోడకు అంటుకుపోయాను. పంచె మీద కాలు పెట్టినవాడికి ఏం జరుగుతుందో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోవడమే పెద్ద శిక్షగా ఉండేది. బయట కాక కాడి దించుతున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడుకు నా నోరు తెరుచుకుంది.

"నాన్నమ్మా, అవి నావే. సున్నం తొక్కి వచ్చిన. సూడు, నా కాళ్లు సూడు."

ఆమె వంగి నా కాళ్లు చూసింది. తెల్లగా ఉన్నాయి. తల నిమిరింది.

"నువ్వు నడువలే బిడ్డా. నిన్ను నడిపిచ్చింది."

అది అబద్ధమని నిరూపించే ప్రయోగం ఈ రోజుకూ ఏ పట్టికలోనూ నాకు కనబడలేదు.

సాయంత్రానికి చెల్లె పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. చిన్నమ్మ నన్ను దొడ్డి దిక్కు తీసుకుపోయి, నా భుజాలు పట్టుకుంది. "నీ అడుగులతో లోపలికి వచ్చింది కదా. నీ అడుగులతోనే పంపిద్దాం. తెల్లారుజామున మీ నాన్నమ్మ బావి దగ్గరికి పోతుంది. అప్పుడు సున్నంలో కాళ్లు ముంచి, మంచం దగ్గర నుంచి బయటికి నడువు. అరుగు దిగి వానలో కాళ్లు కడుక్కుని వచ్చి పడుకో. నేను చేద్దామంటే నా పాదం పెద్దది, మీ నాన్నమ్మ పోల్చుకుంటుంది. చేస్తావా?"

"పాపం రాదా?"

"వస్తే నాకు రానీ."

మూకుడు నిండా తేట పోసి చెల్లె మంచం కింద పెట్టింది. నేను మంచం పక్కనే చాప మీద పడుకున్నాను. పొద్దుటి పాత అడుగులు గాలికి వెలిసి అప్పటికే పసుపులో కలిసిపోయాయి. చెల్లె ఊపిరి ఈల వేస్తున్నట్టు వినబడుతోంది. దాన్ని వింటూ మెలకువగా ఉండాలనుకున్నాను. నా జీవితంలో నేను చేయవలసిన గొప్ప పని అదొక్కటే. నిద్రపోయాను.

నాన్నమ్మ గొంతుకు లేచాను. తెల్లవారింది. "పోయింది! అమ్మ వోయింది! సల్లగ పోయింది తల్లి!" అంటూ బావి నుంచి తెచ్చిన బిందె అరుగు మీదనే దించి, తడి చీరతోనే దండం పెడుతోంది. పసుపు పంచె మీద ఎర్రగా అడుగులు. మంచం దగ్గర చిక్కగా, పోను పోను లేతగా. గడప దాటి, అరుగు అంచుదాకా. అన్నీ బయటికే.

చిన్నమ్మ వెనక నుంచి నా భుజం గట్టిగా నొక్కింది. భేష్ అన్నట్టుగా.

నేను పంచె పక్కన నిలబడి నా పాదాన్ని ఆ అడుగు పక్కన పెట్టి చూశాను. నాది రెండు వేళ్ల మందం పెద్దగా ఉంది.

చెప్పడానికి సమయం లేదు. కాక బండి కట్టాడు. అమ్మ చెల్లెను గొంగట్లో చుట్టి ఎత్తుకుంది. ఎత్తుకుంటూ "లంగ తడిసింది, పక్క తడిపినట్టున్నది" అంది. వాగు నడుంలోతు ఉంది. ఎద్దులు ముందుకు అడుగు వేయనంటే కాక దిగి ముకుతాడు పట్టుకుని నడిపించాడు. చిన్నమ్మ, నేను వెనక పలకను పట్టుకున్నాం. బండి లోపల నుంచి ఈల ఊపిరి వినబడుతున్నంతసేపు నాకు వాగు భయం లేదు. నడుమ ఒకసారి వినబడలేదు. అమ్మ "బిడ్డా" అంది. మళ్లీ వినబడింది. మెయిను రోడ్డు మీద ఒక లారీ మమ్మల్ని ఎక్కించుకుని సూర్యాపేటలో దించింది.

డాక్టరు చెల్లె వీపు మీద వేళ్లతో తట్టి చూసి, నెమ్ము చేరిందన్నాడు. ఇంకో పూట ఆగితే మీరు ఆమెను తెచ్చేది ఇక్కడికి కాదన్నాడు. సూదులు, గొట్టం, ఆక్సిజన్. మూడో నాటికి చెల్లె కళ్లు తెరిచి, మజ్జిగ వద్దు, తాలింపు పెట్టిన పప్పు కావాలంది. అమ్మ మొదటిసారి ఏడ్చింది.

ఆ రోజు దవాఖాన వరండాలో చిన్నమ్మ నాకు బజ్జీలు కొనిచ్చింది. వారం తర్వాత నూనె వాసన. "నువ్వు మొనగాడివిరా" అంది.

"చిన్నమ్మా, నేను నడువలే. నిద్రవోయిన."

బజ్జీ ఆమె నోటిదాకా పోయి ఆగింది. "ఆటలాడకు."

"ఒట్టు. ఆ అడుగు నాకంటె చిన్నగున్నది."

"నేను నిన్నే అనుకున్నా."

ఆమె బజ్జీ పొట్లంలో పెట్టేసి లేచి వార్డులోకి పోయింది, నేను వెనకే. చెల్లె కాళ్ల మీది దుప్పటి తీసి వేళ్ల సందులు చూసింది. సున్నం ఆరి తెల్లగా పెచ్చులు కట్టి ఉంది.

"చూశావా, అంతే. మంచం దిగేటప్పుడు మూకుట్లో కాళ్లు పడ్డాయి. జ్వరం మత్తులో బయటికి నడిచింది. లంగా అందుకే తడిసింది. వాన కాళ్లు కడిగింది కాబట్టి వచ్చేటప్పుడు అచ్చులు పడలేదు. అంతే." అంతే అని మూడోసారి కూడా అంది. దుప్పటి అంచును చెల్లె కాళ్ల కిందికి గట్టిగా దోపింది.

ముందు రోజు పొద్దుట్నుంచీ తల ఎత్తలేని పిల్ల ఎట్లా నడిచిందని నేను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. దిగిపోయిన అమ్మవారిని మళ్లీ తలుచుకుంటే వెనక్కి తిరిగి చూస్తుందని నాన్నమ్మ ఇంట్లో ఆ ఊసే ఎత్తనివ్వలేదు. చెల్లె ముందు అసలే ఎత్తలేదు. నాన్నమ్మ పోయింది, ఆ ఇల్లు పోయింది, పంచె ఏమైందో తెలియదు. ఎత్తకపోవడం మాత్రం అలవాటుగా మిగిలిపోయింది.

కిందటేడు చిన్నమ్మ పోయింది. పెద్దకర్మకు కోదాడ వెళ్లాం. అన్నాలయ్యాక అందరూ తలా ఒక పక్క ఒరిగితే, చెల్లె నా పక్కన కుర్చీ వేసుకుంది. ఇప్పుడు ఆమే నాన్నమ్మ, మోకాళ్ల నొప్పులు. పందిరి రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

"అన్నా, నాకు అమ్మ వోసినప్పుడు పంచె మీద నడిచిన యాదున్నదా నీకు?"

నా నోట్లో తమలపాకు ఆగిపోయింది. "నీకు యాదున్నదా?"

"గదొక్కటే యాదున్నది. నన్ను లేపి, ఏలు వట్టుకొని నడిపిచ్చినవు గద. అరుగు దిగినం. వానల నిలవడ్డం. లోపటికి పో, పండుకో అన్నవు. పోయేటప్పుడు ఇద్దరం పోయినం. వచ్చేటప్పుడు నేనొక్కదాన్నే వచ్చిన. నువ్వు ఆడనే నిలవడ్డవు."

పంచె మీద ఒక్కరి అడుగులే ఉన్నాయి. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది. చిన్నమ్మ ఉంటే ఈ లెక్కను కూడా ఎట్లాగో సరిచేసి, అంతే అనేది.

"సీకట్ల మొఖం కనవడలే" అంది చెల్లె. "నువ్వే గద?"

అరవై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషి, ఐదేళ్ల పిల్ల కళ్లతో చూస్తోంది. తెలుగు పంతులుగా నేను చాలా కల్పించి చెప్పాను. ఇంత చిన్న వాక్యానికి ఎప్పుడూ ఇంత కష్టపడలేదు.

"నేనే" అన్నాను.

చెల్లె తల ఊపింది. కాసేపటికి నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, చూపుడువేలు మాత్రం పిడికిట్లో పట్టుకుంది.

"గప్పుడు గింత వెచ్చగ లేకుండె అన్నా" అంది.